నూకాలు తీసిన దిష్టి

వకుళ అదే పొట్లాన్ని నాలుగోసారి పరీక్షించింది. వంద గ్రాముల కారప్పూసలో ఉప్పు సరిగ్గా ఒక గ్రాము. పక్క హాల్లో ఉన్న ‘రసన’ మాత్రం అదే పొట్లానికి 1.9 అంటోంది. మధ్యాహ్నం యజమాని గౌరీపతి గారు ఒప్పందం పొడిగిస్తూ సంతకం పెట్టడానికి వస్తారు. ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు.

సంగతేమిటంటే, ఆ 2043లో అనకాపల్లి చుట్టుపక్కల తొమ్మిది చిరుతిళ్ళ కంపెనీలు తమంతట తామే ఒక మాట అనుకున్నాయి, అయిదేళ్ళలో ఉప్పు సగానికి తగ్గిద్దామని. చట్టం లేదు, జరిమానా లేదు. తగ్గిస్తే తగ్గించినట్టు, మానేస్తే మానేసినట్టు. అందుకని ఎవరికి వారు పక్కవాడు ముందు తగ్గిస్తే చూద్దామని కాచుక్కూర్చున్నారు. గౌరీపతి గారొక్కరే, ఆర్నెల్లు చూస్తానంటూ వకుళ తయారుచేసిన యంత్రాన్ని పెట్టించుకున్నారు.

రసన అంటే ఎలక్ట్రానిక్ నాలుక. కలిపిన ప్రతి విడత పిండిలోంచి చిటికెడు తీసి, నీళ్ళలో కరిగించి, సోడియం ఎంతుందో సెన్సర్‌తో కొలుస్తుంది. ఆ నెలకి అనుకున్న లెక్కకన్నా ఎక్కువుంటే ఉప్పు పడే వాల్వ్‌ని తనే కాస్త బిగిస్తుంది. అదీ తినేవాడు పసిగట్టనంత నెమ్మదిగా.

వకుళ హాల్లోకి వెళ్ళి రసన మూత తీసింది. సెన్సర్ గిన్నె మూలల్లో రాళ్ళ ఉప్పు కనబడింది. పిండి కలిపే నూకాలుని పిలిచింది.

“ఇందులోకి ఉప్పెలా వచ్చింది, నూకాలూ?”

“నానే అమ్మా. దిష్టి తీసినాను.”

“దేనికి?”

“దీనికే. తెచ్చిన కాడ్నించీ ఊరూవాడా వచ్చి సూసి పోతన్నారు. అందరి కల్లూ ఒక్కలాగుంటాయా? ఇది పాడైపోతే మల్లీ పాత ఉప్పే. మా ఆయన ఈ కారప్పూస లేందే ముద్ద ముట్టడు. డాట్రుగారేమో బీపీకి ఉప్పు మానీమన్నారు. అందుకే పొద్దున్నే మూత తీసి తుడిసినప్పుడల్లా మూడు సుట్లు తిప్పుతన్నాను.”

వకుళకి రాబోయిన కోపం మధ్యలోనే ఆగిపోయింది. రోజూ రాలిన ఆ ఉప్పు ప్రతి పరీక్షలోనూ కరిగింది. రసన దాన్ని కారప్పూసలోదే అనుకుని వాల్వ్ బిగిస్తూ పోయింది. మొదట్లో రెండు గ్రాములున్న ఉప్పు ఒక గ్రాముకి దిగి, అయిదేళ్ళ పని ఆరు నెలల్లో అయిపోయింది. చప్పగా ఉందని ఒక్కరు కూడా అనలేదు సరికదా, అమ్మకాలు పెరిగాయి.

“మీ ఆయనకెలా ఉంది?”

“దిగిందమ్మా. ఒక మాత్ర తీసేసినారు.”

గౌరీపతి గారు వస్తూనే పొట్లం విప్పి గుప్పెడు నోట్లో పోసుకున్నారు. “ఎప్పట్లాగే దివ్యంగా ఉందమ్మా. మా నాన్నగారి నాటి రుచి. ఎక్కడ పెట్టమంటారు సంతకం?”

వకుళ నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఏం చేస్తుంది, సైంటిస్టు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

నములుతున్న నోరు ఆగింది. “సగమా?” ఆయన మరో నాలుగు పలుకులు వేసుకుని మొహం చిట్లించారు. “అదే అనుకుంటున్నా, ఇందాకట్నుంచీ ఇంత చప్పగా ఉందేమిటా అని.”

పెన్ను జేబులోకి వెళ్ళిపోయింది. గిన్నె కడిగించమన్నారు, వాల్వ్ మొదటిరోజు ఉన్నచోటికి తిప్పించమన్నారు. “మిషన్ ఉండనీండి. మళ్ళీ మొదట్నుంచి, నెమ్మదిగా చూద్దాం. మరో ఆర్నెల్లు.”

మర్నాడు పొద్దున వకుళ వచ్చేసరికి నూకాలు గిన్నె తుడిచి, ఎడమ చేత్తో మూత పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కుడి చేతి గుప్పిట బిగించి ఉంది.

“మూత ఏసేసి తీస్తానమ్మా. ఒక్క రాయి కూడా లోపల పడనీను.”

వకుళ హాలు తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టి వచ్చింది.

“వద్దు,” అంది. “తెరిచే తియ్యి.”