మలుపు మేడ మీద మిణుకు

ఆ మలుపు మేడ సంగతి తెలిసినవాళ్లెవరూ పొద్దుగూకాక దాని కింద నుంచి నడిచేవారు కాదట. కరెంటు తీగ కోసేసి ఏళ్లయింది. ముందు తలుపు తాళం తుప్పు పట్టింది. అయినా పై కిటికీలో మిణుగురంత వెలుగు — చటుక్కున వెలిగేది… ఆరిపోయేది… మళ్లీ వెలిగేది. ఎవరినో పిలుస్తోందనేవారు. ఎవరిని పిలుస్తోందో చూద్దామని మాత్రం ఎవరూ ఆగలేదు.

బ్యాటరీలు బాగుచేసే ఒకావిడ ఆ దారినే ఇంటికి వెళ్లేది. అందరూ బ్యాటరీ అక్క అనేవారు. తల్లి పోయాక ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలింది. తొందరగా ఇల్లు చేరినా "వచ్చావా" అనేవాళ్లు లేరు. అందుకేనేమో, ఆ సాయంత్రం వెలుగు చూసి ఆగింది.

ఆ మిణుకు ఆమెకు తెలిసిన మిణుకే. చిన్న ఎల్‌ఈడీ బల్బుకి మోతాదు మించి కరెంటు తగిలితే అలాగే తెల్లగా మండి గిలగిలలాడుతుంది.

దెయ్యానికి తీగలు కలపడం ఎక్కడొస్తుందిలే, అని ధైర్యం చెప్పుకుంది.

వెనక గుమ్మం తోస్తే తెరుచుకుంది. చీకటి మెట్లు. గోడ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కింది. పైన… ఏదో గీరుకున్న చప్పుడు. ఆగింది. చప్పుడూ ఆగింది.

"ఎవరు?" అంది.

వెలుగొక్కటే — తళుక్కుమంది. తెల్లటి జుట్టు, ముడతల చెయ్యి… అంతలోనే చీకటి.

వెనక్కి తిరగబోయింది.

"వెళ్లకమ్మా…" సన్నటి గొంతు. "మనిషినే. నువ్వే దెయ్యమేమోనని నోరు మెదపలేదు."

ఫోను లైటు వేసి చూస్తే, కిటికీ పక్కన కుర్చీలో ముసలావిడ. కాళ్ల దగ్గర స్కూటర్ బ్యాటరీ, వేళ్ల మధ్య తీగ. కిటికీ గట్టు మీద గుప్పెడు మాడిన బల్బులు.

మోకాళ్లు పోయి ఆవిడ మెట్లు దిగలేకపోతోందట. మరిది కొడుకు వారానికోసారి వచ్చి, సరుకులూ ఛార్జి చేసిన బ్యాటరీ మెట్ల పైన పెట్టి, పలకరించకుండానే దిగిపోతాడట.

"పన్నెండు ఓల్టులు నేరుగా ఇస్తే మూడు ఓల్టుల బల్బు ఎలా బతుకుతుంది పెద్దమ్మా?"

అక్క సంచిలోంచి ఓల్టేజీ తగ్గించే వేలెడంత బోర్డు తీసింది. బ్యాటరీకి తగిలించి, మీటరు చూస్తూ బోర్డు మీది చిన్న మర తిప్పి, సరిపోయాక బల్బు కలిపింది. వెలుగు నిలిచింది. కదలకుండా, చల్లగా.

ముసలావిడ దాన్నే చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"బాగుంది తల్లీ. కానీ… తీసెయ్యవూ?"

"అదేంటి!"

"ఇలా నిలకడగా వెలిగితే ఎవరింటి దీపమో అనుకుంటారు. తలెత్తరు. మిణుక్కుమంటే… దెయ్యమనుకునైనా ఒక్కసారి ఇటు చూస్తారు."

అక్క సంచి పక్కన పెట్టి నేల మీద చతికిలబడింది.

"దాహమేస్తోంది పెద్దమ్మా. మంచినీళ్లున్నాయా?"

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే గ్లాసు. ఆవిడ దాన్ని రెండుసార్లు కడిగింది.