టీచరమ్మ ఆగే చోటు

ఆ ఇంట్లో పొద్దున పూట ఎవరూ దగ్గకూడదు, గిన్నె చప్పుడు చేయకూడదు. మిక్సీ సంగతి సరేసరి. ముందు గదిలో తలుపు వేసుకుని టీచరమ్మ ఇంగ్లీషు పాఠం రికార్డు చేస్తూ ఉంటుంది. ఇన్నేళ్ళూ తొమ్మిదో తరగతిని కంటిచూపుతో అదుపులో పెట్టిన మనిషి, ఇప్పుడు పుస్తకాల దొంతర మీద నిలబెట్టిన ఫోనుకి కవిత్వం చెప్పాల్సి వచ్చింది. ఫోను తల ఊపదు, దిక్కులు చూడదు, చెయ్యెత్తదు. దానికి పాఠం చెప్పేసరికి ఆవిడకి తలప్రాణం తోకకొచ్చేది.

"వంతెన వచ్చేసింది. దాటించడానికి ఎవరూ లేరు. అయినా ముసలి పడవవాడు రోజూ వచ్చి ఖాళీ పడవలో కూర్చుంటాడు. ఎందుకు?" అని ఇంగ్లీషులో అడిగి, అలవాటు ప్రకారం ఆగింది. ప్రశ్న అడిగాక ఆగడం ఆవిడ పద్ధతి. ఎంతసేపైనా సరే, ఎవరో ఒకరు నోరు తెరిచేదాకా తను తెరవదు. తోటి టీచర్లు వేళాకోళం చేసినా మానలేదు.

"ఏమేవ్, నా కళ్ళజోడు ఎక్కడుంది?" అంటూ భర్త సరిగ్గా అప్పుడే తలుపు తోశాడు.

"మీ నెత్తి మీదే ఉంది! మళ్ళీ మొదటికొచ్చింది నా పాఠం!"

ఆవిడ చిరాకు ఊరికే వచ్చింది కాదు. పద్యాలూ కథలూ ఇక ఆన్‌లైన్‌లో పెట్టాలనీ, పిల్లలు ఇంటి దగ్గర చూసి రావాలనీ హెడ్మాస్టరు తేల్చేశాడు. "నెలాఖరు దాకా చూద్దాం మేడమ్. పిల్లలు చివరిదాకా చూడకపోతే కంపెనీలు అమ్మే వీడియో పాఠాలు కొనేద్దాం. బొమ్మలూ సంగీతం కూడా ఉంటాయి. మీరు హాయిగా లైబ్రరీ చూసుకోవచ్చు," అన్నాడు. ఆ 'హాయిగా' అన్న మాట ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది.

వీడియో సరిచేసి పెట్టేది కోడలు. ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. పని వచ్చిన పిల్ల, నెమ్మదస్తురాలు. ఆ పిల్ల నోట్లో నాలుక లేదని టీచరమ్మ అందరికీ గొప్పగా చెప్పేది. కొడుకు వారమంతా ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండి ఆదివారం వస్తాడు కాబట్టి, ఇంట్లో మిగిలేది ఈ ముగ్గురే.

ఆ పాఠం పిల్లలకి పంపిన మర్నాడు బళ్ళో మొదటి బెంచీ పిల్ల అడిగింది.

"టీచర్, వీడియోలో ఎందుకలా పరిగెడుతున్నారు? అడిగేదీ మీరే, చెప్పేదీ మీరే. మేం ఆలోచించేలోపే జవాబు వచ్చేస్తోంది. క్లాసులో అలా ఉండరుగా."

టీచరమ్మకి అర్థం కాలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఒక మూల కూర్చుని, పంపించిన తన పాఠాన్ని మొదటిసారి తనే చూసుకుంది. తను ఆగిన ప్రతిచోటా కత్తెర పడింది. పడవవాడు ఎందుకు వస్తాడని అడగడం, ఒంటరితనం వల్ల అని చెప్పడం ఒకే ఊపిరిలో జరిగిపోయాయి. అందులో ఉన్న మనిషి తనలా లేదు, రేడియోలో వార్తలు చదివే మనిషిలా ఉంది.

సాయంత్రం ఇంటికి రాగానే చేతిసంచీ కూడా కింద పెట్టలేదు.

"నా పాఠాన్ని కత్తిరించమని నీకెవరు చెప్పారు?"

కోడలు హెడ్‌ఫోన్ తీసింది. "ఖాళీలే తీశాను అత్తయ్యా. మీ మాట ఒక్కటి కూడా ముట్టుకోలేదు."

"ఆ ఖాళీలే నా పాఠం! నేను ఆగేది ఆయాసం తీర్చుకోవడానికనుకున్నావా? వెనక బెంచీ పిల్ల కూడా ఆ ప్రశ్నని ఒక్కసారి మనసులో తిప్పుకోవాలని ఆగుతాను. పెళ్ళి వీడియో కోసినట్టు కోసిపారేశావే!"

కోడలు లాప్‌టాప్ ఇటు తిప్పింది. తెర మీద, ఎంతమంది ఎంతసేపు చూశారో చూపించే గీత ఒకటి మెట్లుమెట్లుగా దిగిపోతోంది.

"ఇది మీ మొదటి పాఠం. ఏమీ కత్తిరించకుండా పెట్టాను. మీరు ప్రశ్న అడిగి ఆగిన చోటు చూడండి. సగంమంది అక్కడే మూసేసి వెళ్ళిపోయారు."

"సగంమందా? నా క్లాసులో ఒక్కడూ కదలడు!"

"క్లాసులో మీరు ఎదురుగా ఉంటారు అత్తయ్యా. ఇక్కడ వాళ్ళకి ఫోన్ ఆగిపోయినట్టు ఉంటుంది, అంతే. హెడ్మాస్టరు ఏమన్నారో మామయ్య చెప్పారు. మీ క్లాసు పోకూడదనే తీశాను."

టీచరమ్మ ఆ గీతని చూసి మొహం తిప్పుకుంది. తప్పు తనది కాదని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి ఆవిడకి. "అయితే మాత్రం, ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెబుదామనే రెండుసార్లు వచ్చాను. వినిపించుకుంటేగా!" కోడలు లాప్‌టాప్ మూసేసింది. "క్లాసులో పిల్లల జవాబు కోసం అంతసేపు ఆగుతారే, ఇంట్లో నన్ను అడిగి ఎప్పుడైనా ఆగారా? కర్టెన్లు ఏ రంగు కొందామంటారు, నేను నోరు తెరిచేలోపు నీలం బావుంటుందిలే అంటారు. ఒంట్లో ఎలా ఉందంటారు, బానే ఉన్నట్టున్నావే అని మీరే చెప్పేస్తారు. అడిగేదీ మీరే, చెప్పేదీ మీరే!"

బళ్ళో పిల్ల అన్న మాటే. కోడలికి ఆ సంగతి తెలియదు. వాకిట్లో నిలబడ్డ భర్త, "నేనేం వినలేదు," అంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నోట్లో నాలుక లేని పిల్ల అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ నాలుకకి తను చోటివ్వలేదని ఇప్పుడు తెలిసింది. టీచరమ్మకి సిగ్గేసింది. కోపం ఎటుపోయిందో గానీ, కుర్చీలో కూలబడి చేతిసంచీ తాడు వేలికి చుట్టుకుంది.

"రేపు పడవవాడి పాఠం మళ్ళీ తీద్దాం, నా పక్కన కూర్చుంటావా?" అంది చివరికి. "ఆ ఫోనుకి నేనొక్కదాన్నే చెప్పలేకపోతున్నానే."

"నాకు ఇంగ్లీషు రాదు అత్తయ్యా."

"తెలుగులో చెప్పు. ఇంగ్లీషు నేను చూసుకుంటాను."

"తప్పు చెబితే?"

"తప్పు చెప్పేవాళ్ళే లేకపోతే నాకు పనేముంది?"

మర్నాడు ముందు గదిలో రెండు కుర్చీలు పడ్డాయి. టీచరమ్మ పద్యం చదివి, ప్రశ్న అడిగి, ఆగింది. ఈసారి పక్కన ఒక మనిషి ఆలోచిస్తోంది. కోడలు వేళ్ళు ముడిచింది, విప్పింది. జవాబు అందిద్దామా అని టీచరమ్మ నాలుక దురద పెట్టింది. పెదవులు బిగించుకుంది.

"ఎవరో వస్తారని కాదేమో అత్తయ్యా," అంది కోడలు మెల్లిగా. "ఇంట్లో కూర్చుంటే ఆయన ఒట్టి ముసలాయన. పడవలో కూర్చుంటేనే పడవవాడు. అది కూడా లాక్కుంటే ఎలాగని భయం."

ఆ పిల్ల పుస్తకం వైపు చూడటం లేదు. టీచరమ్మ వైపే చూస్తోంది.

ఎన్ని తరగతులకో చెప్పిన పద్యం. ఒంటరితనమని చెప్పడం, గైడులో చూసుకోమనడం, అంతే. ఈ జవాబు తనకి ఎన్నడూ తట్టలేదు. తన భయాన్ని తను నోరు విప్పి చెప్పకుండానే ఈ పిల్ల ఎప్పుడో చదివేసింది. టీచరమ్మ ఇంగ్లీషులో 'శభాష్' అనబోయింది, ఆలోపే కళ్ళనీళ్ళు బొటబొటా కారిపోయాయి.

కోడలు కంగారుగా ఫోను మీద చెయ్యేసింది. "ఆపేద్దామా?"

నెలాఖరుకి హెడ్మాస్టరు ఏం తేలుస్తాడో తెలియదు. ఏడుపు మొహంతో పాఠమేమిటని పిల్లలు నవ్వుతారో, చివరిదాకా చూస్తారో అదీ తెలియదు. టీచరమ్మ అరచేత్తో మొహం తుడుచుకుంది.

"ఉంచుదామా, తీసేద్దామా? నువ్వు చెప్పమ్మా," అని ఆగింది.

"ఉంచుదాం అత్తయ్యా. కానీ మీరు కొంచెం ఇటు జరగాలి, వెలుతురు నా మీదే పడుతోంది. ఇంకా..." అంటూ మొదలుపెట్టింది కోడలు. చెప్పాల్సింది చాలానే ఉంది ఆ పిల్ల దగ్గర. టీచరమ్మ కుర్చీ జరుపుకుని వింటూ, మధ్యలో నోటిదాకా వచ్చిన సలహాని మింగేసింది.