సొరంగంలో పదో నంబరు

ఆ పాత రైలు సొరంగానికి మంచి పేరు లేదు. రైళ్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది. పట్టాలు పీకేసి సైకిళ్లకు దారి చేశారు. పొడవు అరకిలోమీటరే... కానీ మధ్యలో ఒక వంపు ఉంది. అక్కడికి వచ్చేసరికి ముందు వెలుగూ కనపడదు, వెనక వెలుగూ కనపడదు. ఆ వంపులో ఎవరో ఉన్నారనీ, బయటపడడానికి తోడు కోసం కాచుకుని కూర్చున్నారనీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లందరూ పగటిపూట వెళ్లినవాళ్లే. లోపలికి వెళ్లాక పగలేమిటి, రాత్రేమిటి!

ఇది మా బావ చెప్పిన సంగతి. ఆయన కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. కథలు అల్లే తెలివి ఆయనకు లేదని మా అక్కే ఒప్పుకుంటుంది.

దేశం ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై రోజుల సైకిలు యాత్ర అది. మొత్తం తొమ్మిదిమంది. అందరికంటే ముందు డ్రిల్ టీచరమ్మ, అందరికంటే వెనక మా బావ. ఆఖరివాడి పని ఒక్కటే — ఎవరినీ వదిలేసి రాకూడదు. నాలుగో రోజున బావ కబుర్లలో పడి ముందుకెళ్లిపోయాడు. పంక్చరై వెనక ఆగిపోయిన ఒకావిడ గంటన్నర ఎండలో నిలబడింది. తర్వాత ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని బావ వారం రోజులు కుమిలిపోయాడు.

చీకటి చోట్ల సైకిలు జట్లకు ఒక పద్ధతి ఉంది. ఆగకుండా తొక్కుతూనే, ముందు నుంచి ఒక్కొక్కరూ తమ నంబరు చెప్పాలి. ఆఖరివాడు చెప్పాడంటే అందరూ ఉన్నట్టే.

పదకొండో రోజు మధ్యాహ్నం సొరంగంలోకి వెళ్లారు. వంపు దగ్గర టీచరమ్మ "ఒకటి" అంది. రెండు, మూడు... ఒక్కో నంబరే వెనక్కి వచ్చింది. చివరికి బావ "తొమ్మిది" అన్నాడు.

ఆయన వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు —

"పది."

ఎవరూ అరవలేదు. పొద్దున్నుంచీ మోకాళ్లు పోతున్నాయని మూలిగినవాళ్లు ఆ మిగిలిన దూరం ఎలా తొక్కారో వాళ్లకే తెలియాలి.

బయట ఎండలో టీచరమ్మ తలలు లెక్కపెట్టింది. తొమ్మిదే. ఇంకేం, పోదాం పదండన్నారు అందరూ. బావ మాత్రం సైకిలు దిగాడు.

"నా వెనక ఎవరో ఉండిపోయారండీ," అన్నాడు టీచరమ్మతో.

లైటు పట్టుకుని ఒక్కడే నడిచి వెళ్లాడు. వంపులో... సైకిలు లైట్ల వెలుగు పడని చోట గోడకు ఆనుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. మనిషే. చైను తెగి పడ్డాడు. మడమ బెణికింది, లైటూ ఫోనూ పగిలాయి. వేరే జట్టులో పదో మనిషి, మా బావలాగే ఆఖరివాడు. గంట నుంచి అక్కడే ఉన్నాడట. మధ్యలో ఇంకో జట్టు వస్తే ఆగండి ఆగండని అరిచాడు. వాళ్లు మరింత జోరుగా తొక్కారు. అందుకని ఈసారి అరవదలచుకోలేదు. తొమ్మిది అని వినపడగానే అలవాటు కొద్దీ నోరు పది అనేసింది, అంతే.

బావ ఆయన్ని నడిపించుకుంటూ బయటికి తెచ్చాడు. అందరూ నవ్వుకున్నారు. ఆ పంక్చరావిడ ఆయనకు నీళ్లిచ్చి, బావ వైపు చూసి తల ఊపింది. అంతమాత్రానికే బావకు కళ్లు చెమర్చాయి.

మీ వాళ్లు లెక్కపెట్టుకోలేదా అని టీచరమ్మ అడిగింది. అదే తనకూ అర్థం కావడం లేదన్నాడు ఆయన. తన వంతు రాకముందే పడిపోయాడట.

ఆయన చెప్పిన నంబరుకు టీచరమ్మ ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది. మీ పదో మనిషి మా దగ్గర ఉన్నాడని చెప్పింది.

అవతల గాలి హోరులోంచి వాళ్ల జట్టులో ముందువాడి గొంతు వినిపించింది.

"పదో మనిషా? మా లెక్క సరిపోయిందండీ. సొరంగంలో పది అనడం నేను విన్నాను... ఇదిగో, వెనకాలే వస్తున్నాడు. పిలవమంటారా?"

మడమ బెణికినాయన మా బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దని చెప్పండి," అన్నాడు మెల్లగా.