నీలం రిబ్బన్లు

"మేడమ్, మీరు కట్టబోయేది ఇల్లా, పడవా?"

ఆర్కిటెక్టు మారెన్ తలెత్తి చూసింది. కొండవాలు మీద, వానలో, పునాదుల మేస్త్రి గ్రేడీ పళ్ళికిలిస్తూ నిలబడ్డాడు. ఆమె పిక్కల దాకా నీళ్ళలో ఉంది. ఆ నీళ్ళు సరిగ్గా ఆమె ప్లానులో గీసిన హాలు మధ్య నుంచే పారుతున్నాయి.

"ఆగస్టులో, మంచి ఎండాకాలంలో కొలిచాను. అప్పుడిక్కడ చుక్క నీరు లేదు!"

"ఈ దీవిలో ఆగస్టు ఎండను నమ్మేది మీలాంటి వాంకూవర్ పట్నం వాళ్ళే. అందుకేగా దేవదారు చెట్లకి నీలం రిబ్బన్లు కట్టాను, నీళ్ళదారికి అడ్డం కట్టొద్దని. ఏవీ అవి?"

మారెన్ నాలుక్కరుచుకుంది. కొట్టెయ్యబోయే చెట్లకు పెట్టిన గుర్తులనుకుని, అయ్యో పాపమని అన్నీ తనే ఊడదీసింది.

"నేనే... విప్పేశాను."

గ్రేడీ పగలబడి నవ్వాడు. ఆమెకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. సొంత పేరుతో గీసిన మొదటి ఇల్లు ఇది. శనివారం ఇంటి యజమానురాలు ఒటీలీ వస్తుంది. నచ్చకపోతే పని ఇంకొకరి చేతికి పోతుంది.

"గొట్టం వేసి నీళ్ళు మళ్ళిద్దామా?" అన్నాడతను, ఈసారి మెత్తగా.

"వద్దు. ముందొచ్చింది నీళ్ళు. ఇల్లే పక్కకి... కాదు, పైకి జరగాలి. అటూ ఇటూ ఉన్న ఆ రెండు బండలూ బరువు మోస్తాయా?"

గ్రేడీ సుత్తితో కొట్టి చూశాడు. ఖంగుమంది. "ఇల్లేం ఖర్మ, మేడమ్ గారి మొండితనాన్ని కూడా మోస్తాయి."

మూడు రోజులు వానలోనే ఇద్దరికీ గీతలు, తగువులు, ఒకే ఫ్లాస్కులో కాఫీ.

ముప్పై ఏళ్ళు ఫెర్రీ పడవ నడిపిన ఒటీలీ, శనివారం ఆ బండల మధ్య వేసిన పలకల మీద నిలబడింది. కింద నీళ్ళు గలగలమంటున్నాయి. ఆవిడ డ్రాయింగు వైపు చూడనైనా లేదు.

"నా హాలు ఇక్కడేనా?"

"అవునండీ. మొదటి ప్లానులో తప్పు నాదే. నీళ్ళదారి చూపించింది గ్రేడీ. నీళ్ళ మీద ఇల్లు మాత్రం నా ఆలోచన" అంది మారెన్, తల పైకెత్తి.

"నేల మీద నాకు సరిగా నిద్రే పట్టదమ్మాయ్. ఇక్కడ పడుతుంది. కట్టెయ్!"

ఆవిడ ఫెర్రీ ఎక్కి వెళ్ళిపోయాక, గ్రేడీ జేబులోంచి నీలం రిబ్బను తీసి మారెన్ మణికట్టుకు కట్టాడు.

"ఇదెందుకు?"

"గుర్తు తెలుసుగా. నా మనసూ ఆ నీళ్ళలాంటిదే, ఆగేది కాదు, అడ్డం కట్టొద్దని. నువ్వంటే నాకు ఇష్టం, మారెన్. ఈసారి విప్పెయ్యకు."

మారెన్ పంటితో ముడిని ఇంకాస్త బిగించింది.

"ముడి వదులుగా వేశావు మేస్త్రీ" అంది. "నాకిది ఎప్పటికీ ఉండాలి."