డిక్కీలో వీణ

"ముట్టుకోకు" అంది శ్యామసుందరి.

రిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

టేఫ్ అనే వృత్తివిద్యా కాలేజీ కారిడార్‌లో, దుప్పటి మీద వీణ పడుకుని ఉంది. మెట్లను పట్టి ఉంచే నల్లటి మైనం కరిగి పక్కలకు కారింది. కుండ వైపున్న ఇత్తడి మెట్లన్నీ కదిలిన పళ్ళలా తలో దిక్కుకీ ఒరిగిపోయాయి. బయట బ్రిస్బేన్ ఎండ మండిపోతోంది. ఆమె ఫైనల్ పెర్ఫార్మెన్స్ మూడింటికి. ఇప్పుడు రెండు దాటింది.

టూవూంబాలో బ్యాంకు ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి ఆమె ఈ మ్యూజిక్ డిప్లొమాలో చేరింది. తండ్రి డాక్టర్ ఉమామహేశ్వరరావు ఒకే షరతు పెట్టాడు. పాసైతే తన ఇష్టం వచ్చినట్టు సంగీతమే చేసుకోవచ్చు. ఫెయిలైతే సోమవారం పొద్దున్నే బ్యాంకులో ఉండాలి. ఆమె సరేనంది. శ్యామసుందరి ఒకసారి సరేనన్నాక వెనక్కి తగ్గడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"పొద్దున్న నేనే డిక్కీలో పెట్టేశాను. మళ్ళీ ఇంటికెళ్ళి తేవడం ఎందుకులే అని. మైనం సంగతి మర్చిపోయా. సారీ" అన్నాడు రిషి.

సన్నీబ్యాంక్ అనే పేటలో ఆమె అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు రత్నకుమారి కొడుకు అతను. ఇదే కాలేజీలో సౌండ్ కోర్సు చదువుతున్నాడు. ఆమె ఆ ఇంట్లో దిగిన మొదటిరోజే సాధన చేస్తుంటే గోడ అవతలినుంచి "శ్రుతి తగ్గింది" అని అరిచాడు. చూసుకుంటే నిజంగానే తగ్గింది. అందుకే అతన్ని ఇప్పటికీ క్షమించలేదు.

"మర్చిపోయావా? నువ్వా?"

"మనుషులు మర్చిపోతారు శ్యామా."

పోయిన నెలే ఆమె గది కిటికీలోంచి ఎండ వీణ మీద పడుతోందని, అడగకుండానే కర్టెన్ తెచ్చి తగిలించిన మనిషి ఇతను. ఆ సంగతి ఆమెకు గుర్తొచ్చింది. కానీ ఇప్పుడు విచారణకు టైమ్ లేదు.

ఆఫీసులో అడిగితే పరీక్ష వచ్చే సెమిస్టర్‌కి మారుస్తారట. రిషి అప్పటికే కనుక్కుని వచ్చాడు. కాదంటే కీబోర్డ్ మీద వాయించినా ఒప్పుకుంటారట. రెండూ విని ఆమె తల అడ్డంగా ఊపింది. వచ్చే సెమిస్టర్ లోపల సోమవారాలు బోలెడున్నాయి.

"ఐస్ తీసుకురా" అంది.

అతను పరిగెత్తాడు. కాంటీన్‌వాళ్ళ నీలం రంగు ఐసుపెట్టె, ఎస్కీని చంటిపిల్లాడిలా ఎత్తుకుని తిరిగొచ్చాడు. ఐస్ ప్యాకులు తువ్వాళ్ళలో చుట్టి మైనం మీద పరిచారు. ఇద్దరి వేళ్ళూ ఒకే తువ్వాలు కింద తగిలాయి. ఆమె తీయలేదు. అతను తీయబోయి మానేశాడు.

మైనం బిగిసింది. ఆమె ఒక్కో మెట్టూ నొక్కి మీటింది. అతనిది డిక్కీకి పెద్ద అద్దం తలుపుండే హ్యాచ్‌బ్యాక్ కారు; ఆ అద్దంలోంచి ఎండ పడింది కుండ వైపు. రెండో సగం సీటు నీడలో ఉండడం వల్ల కింది స్థాయి మెట్లు, తారస్థాయి షడ్జం దాకా నిలబడ్డాయి. ఆ పైన ఒక్కటీ పనికిరాదు.

"పైన మెట్లు లేకుండా కల్యాణి ఎలా వాయిస్తావ్?"

"లాగుతాను. బాగున్న ఆఖరి మెట్టు మీద నొక్కి తంతిని పక్కకి లాగితే పైస్వరం అక్కడే పలుకుతుంది."

"అలా మొత్తం వాయిస్తావా? తంతి తెగితే?"

"అప్పుడు నిన్ను తిడతాను. ఈలోగా తువ్వాలివ్వు."

తడి తుడుస్తుంటే వీణ కొసనున్న యాళి బొమ్మ మెడ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అక్కడ పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. కింద దారానికి కట్టిన చిన్న పసుపుగుడ్డ మూట. విప్పితే అక్షింతలు, ఒక వక్క.

తెనాలిలో నాయనమ్మ ఇదే చేసేది. ఎవరైనా వర్జ్యంలో బయలుదేరాల్సి వస్తే, మంచి గడియ ఉండగానే వాళ్ళ సామానొకటి ముందుగా గడప దాటించేది. సామాను కదిలితే మనిషి కదిలినట్టే లెక్క. ప్రస్థానం పెట్టడం అంటారు.

వక్కల గురించి రిషికి తెలిసిందల్లా అవి తినకూడదని; ఈ మూట అతను కట్టింది కాదు. ఆమె అతని వైపు చూసింది. అతను ఎస్కీ మూతని మహాశ్రద్ధగా మూస్తున్నాడు.

శ్యామసుందరి లేచింది. మూటని కొంగున ముడేసుకుని, వీణ ఎత్తుకుని లోపలికి నడిచింది.

ఎదురుగా ముగ్గురు ఎగ్జామినర్లు. వాళ్ళ వెనక సౌండ్ డెస్క్ దగ్గర రిషి. ఆలాపన కింది స్థాయిలో మొదలై మెల్లగా మెట్లెక్కింది. మెట్లు అయిపోయినచోట ఆమె ఆగలేదు. షడ్జం మీద నొక్కి తంతిని లాగింది. రిషభం పలికింది. ఇంకా లాగింది. గాంధారం వణికి నిలబడింది. వేలి కొన కోసుకుపోయింది. తంతి మూలిగింది. డెస్క్ దగ్గర రిషి ఊపిరి బిగపట్టడం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. ఆమె ఇంకొక్కసారి, మధ్యమం దాకా లాగింది.

తంతి తెగలేదు.

పెద్ద ఎగ్జామినర్ హెలెన్ కళ్ళజోడు తీసి, ఈ వాద్యం ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని అడిగింది. ఈ ఒక్క రోజుకే అని చెప్పింది శ్యామసుందరి. హెలెన్ నవ్వేసింది. కాసేపటికి బయట అంటించిన కాగితంలో ఆమె పేరు పక్కన పాస్ అని ఉంది.

కాలేజీ గుమ్మం మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆకాశం చిల్లు పడినట్టు వాన. ఆ వానలో బస్సు దిగి, ఎగిరిపోతున్న గొడుగుతో కుస్తీ పడుతూ రత్నకుమారి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మాయ్, ఏమైంది?"

"పాసయ్యాను ఆంటీ."

రత్నకుమారి అక్కడే ఉన్న బెంచీ మీద కూలబడింది. అప్పుడే ఫోన్ మోగింది. తండ్రి. శ్యామసుందరి స్పీకర్ పెట్టి రెండు ముక్కల్లో జరిగింది చెప్పింది.

"పాసయ్యావా" అన్నాడు ఉమామహేశ్వరరావు. "అయితే బ్యాంకుకి నేనే చెప్తాలే. సరేగానీ, అంత మంచి వీణని ఎండలో పడేసిన బుద్ధిమంతుడెవరు? పేరు చెప్పు."

రిషి ముందుకొచ్చాడు. "అంకుల్, అది నేనే..."

"నువ్వాగు" అంది శ్యామసుందరి. కొంగుముడి విప్పి పసుపుమూట చేతిలో పెట్టుకుని రత్నకుమారి పక్కన కూర్చుంది. "ఆంటీ, మీ ఇంట్లో అద్దెకున్నవాళ్ళందరికీ ప్రస్థానం పెడతారా?"

రత్నకుమారి తల వంచుకుంది. "పొద్దున్న నువ్వు రైలుకి వెళ్ళిపోయావు. మధ్యాహ్నం వాడు వీణ తీసుకెళ్ళే టైముకి వర్జ్యం. మంచి గడియలోనే వీణ గడప దాటాలని వాడి కార్లో పెట్టేశాను తల్లీ. ఈ మైనం గొడవ నాకు తెలీదు. ఒంటిగంటన్నరకి వాడు వీణ కోసం ఇంటికొస్తున్నానని ఫోన్ చేస్తే కార్లోనే ఉందని చెప్పాను. వెళ్ళి కరిగిన మైనం చూసి, నువ్వు శ్యామకేమీ చెప్పకు, నేను చూసుకుంటానన్నాడు."

"అది సరే. అద్దెకున్నవాళ్ళకి ఎందుకు పెట్టారు?"

"అద్దెకున్నవాళ్ళకి ఎవరు పెడతారు? ఇంట్లో మనిషికి పెట్టాను." రత్నకుమారి కొడుకు వైపు గడ్డం విసిరింది. "వాణ్ణే అడుగు. ఉగాది నుంచీ నా బుర్ర తింటున్నాడు. పరీక్ష అయ్యేదాకా నీకు చెప్పకూడదట. చదువు పాడవుతుందట."

రిషి చెవులు ఎర్రబడ్డాయి. అతను వానని చూశాడు. కారు పార్కింగ్ చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు.

"పరీక్ష అయిపోయింది రిషీ" అంది శ్యామసుందరి.

"తెలుసు." గొంతు సవరించుకున్నాడు. "శ్రుతి తగ్గిందని అరిచిన రోజు నుంచే. ఊరికే మాట్లాడితే నువ్వు తలుపు తీయవని అలా అరిచాను."

ఆమె నవ్వు దాచుకోవడానికి వేలికి కట్టిన గుడ్డ సరిచేసుకుంది.

"ఏమ్మా, లైన్లో ఉన్నావా?" ఫోన్లో తండ్రి గొంతు పెరిగింది. "ఎవరని అడిగితే పలకవేం? ఎవరు చేశారు?"

శ్యామసుందరి రత్నకుమారి తడిచేతిని తన చేతిలోకి తీసుకుంది.

"మా అత్తగారు నాన్నా" అంది.