నాగక్క సగం కథ

శ్యామల బద్ధకస్తురాలని ఎవరైనా అంటే నేనొప్పుకోను. బద్ధకం ఉన్నవాళ్లు హాయిగా పడుకుంటారు. ఈ పిల్ల పడుకునేది కాదు. థీసిస్ రాద్దామని కుర్చీలో కూర్చుందంటే చాలు, ఎక్కడ లేని పనులూ అప్పుడే గుర్తొచ్చేవి. టేబుల్ తుడిచేది. పుస్తకాలన్నీ దించి, దుమ్ము దులిపి, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు సర్దేది. హాస్టల్ కిటికీకున్న కర్టెను విప్పి ఉతికేది. పక్క గది అమ్మాయి చీరకు ఫాల్ లేదంటే అదీ కుట్టిపెట్టేది. సాయంత్రానికి ఒళ్లు హూనమయ్యేది గానీ కాగితం మీద ఒక్క ముక్క పడేది కాదు. "ఇవాళ మూడ్ లేదు, రేపు పొద్దుగాలే లేచి పట్టు పడతా" అని లైటు తీసేసేది. అట్లా రేపు, రేపు అనుకుంటూనే వైరా నుంచి వచ్చిన ఆ పిల్ల యూనివర్సిటీలో ఆరేళ్లు గడిపేసింది.

ఆమె గైడు బసవపున్నయ్య సారు మంచాయన. అరిచే రకం కాదు. అరిచినా బాగుండేది. రెండువేల ఏడులో, శ్రావణమాసం ముందర, ఆయన ఆమెను కూర్చోబెట్టి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఇంక నావల్ల కాదమ్మా. ఈ నెలాఖరుకు ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ కొట్టేస్తరు. గోదారి ఒడ్డు కథలని పేరు పెట్టినవు. అసలు కథకే ముగింపు లేదు. సగం కథతోటి థీసిస్ ఎట్ల ఇస్తవ్?"

శ్యామల బాత్రూంలో నల్లా తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది. పట్టా పోతే సత్తుపల్లి కాలేజీలో ఇస్తామన్న లెక్చరర్ పోస్టూ పోయినట్టే. అన్నిటికన్నా మించి, ఇన్నేళ్లూ ఏం చేసినవే అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఆ సగం కథ తప్ప ఇంకేమీ లేదు.

ఆ సగం కథ నాగక్కది. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోతే గోదావరి వైపు ఒక చిన్న గూడెం ఉంది. రెండేళ్ల కింద, ఎండాకాలంలో, శ్యామల అక్కడికి పోయి నాగక్క ముందు కూర్చుంది. నాగక్క ఇంట్లో కథ చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ఒక్కో మాటకూ వినేవాళ్లు "ఊ" అనాలి. అంటేనే కథ కదులుతుంది. మొదట ఊ కొట్టిన మనిషే చివరిదాకా కొట్టాలి. మనిషి మారకూడదు. నడుమ లేవకూడదు. వాళ్ల మూలపురుషుడు చెల్లెతోటి బయలుదేరి గోదావరి దాటి వచ్చిన కథ అది. ఇంకో విధంగా చెప్తే పెద్దలు ఒప్పుకోరట.

పొద్దుటి నుంచి ఊ కొట్టీ కొట్టీ శ్యామలకు నడుము పట్టేసింది. బస్సు వేళయింది. చెల్లె ఒడ్డున నిలవడ్డది అన్న మాట దగ్గర, "మిగతాది రేపొచ్చి వింటా అవ్వా" అని లేచింది.

నాగక్క ఆమె మణికట్టు పట్టుకుంది. "నడుమ లేవకు బిడ్డా. ఊ అన్నది నువ్వు. ఇంకొకరికి చెప్పరాదు. నువ్వొచ్చేదాంక ఇది నా నెత్తి మీద మూటే."

"ఒక్క రాత్రే కదవ్వా!" అని నవ్వింది శ్యామల.

మర్నాడు భద్రాచలం లాడ్జిలో బట్టలుతుక్కుంటూ పొద్దెక్కించింది. సరే, వచ్చే వారం అనుకుంది. తర్వాత వానలు. తర్వాత జ్వరం. తర్వాత ఎవరిదో పెళ్లి. కొన్నాళ్లకు అడ్డంకులన్నీ తీరిపోయాయి గానీ, ఇన్నాళ్లకు ఏ ముఖం పెట్టుకొని పోవాలని సిగ్గేసి ఆగిపోయింది.

ఇప్పుడిక సిగ్గుపడే తీరిక కూడా లేదు. పొద్దున బస్సెక్కింది. దుమ్ముగూడెంలో దిగి, దొరికిన ఆటోలో కొంతదూరం పోయి, మిగతాది నడిచింది. టేకు ఆకుల మీద ఎక్కడా చినుకు లేదు గానీ ఆకాశం నల్లగా కిందికి దిగి ఉంది. ఉక్క. కోసిన గడ్డి వాసన. నాగక్క కొడుకు జంపయ్య చేను గట్టు మీద కనబడ్డాడు. ఆమెను చూసి చేతిలో పార వదిలేశాడు.

"ఇప్పుడా అమ్మా వచ్చేది?"

"అవ్వ బాగుందా జంపన్నా?"

అతను ఏటివైపు తల తిప్పాడు. గూడెం గూడెమంతా గుట్ట మీదికి మారిపోయింది. కొత్త ఇళ్లు, కొత్త తడికెలు. కింద, ఏటివైపు, నాగక్క ఇల్లొక్కటే మిగిలింది.

"పోయినేడు గోదారి వచ్చినప్పుడు పోయింది" అన్నాడు. "అందరం గుట్టెక్కినం. ఎత్తుకపోతమంటే రాలే. ఊ కొట్టే పిల్ల వస్తది, ఇల్లు దొరక్క మళ్లిపోతది అన్నది. నడిమి గుంజ పట్టుకొని కూసున్నది. నీళ్లు తీసినంక పోయి చూస్తే... అట్లనే పట్టుకొని ఉన్నది."

నిజం చెప్పాలంటే శ్యామల మనసులో మొదట వచ్చిన మాట అయ్యో నాగక్కా అని కాదు. అయ్యో, నా ముగింపు అని. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసి, గట్టు మీదే కూలబడింది. ఆ ముసలామె తన కోసం కూర్చుని నీళ్లలో పోయింది. తనేమో ఆ నెలంతా కర్టెన్లు ఉతుక్కుంది.

"చచ్చిపోయింది గని..." జంపయ్య గొంతు తగ్గించాడు. "చెప్పుడు ఆపలేదమ్మా."

"ఏంది?"

"వాన పడ్డదంటే ఆ ఇంట్లకెల్లి గొంతు లేస్తది. ఒక్కటే మాట. చెల్లె ఒడ్డున నిలవడ్డది, అంటది. ఆగుతది. ఎవరన్న ఊ అంటరేమోనని ఆగుతది. మళ్ల అదే మాట. వాన ఎలిసేదాంక అంతే."

అతని భార్య సమ్మక్క గుట్ట మీది ఇంట్లోంచి దిగి వచ్చి నిలబడింది. మనిషి చిక్కి శల్యమై ఉంది. "మా చిన్నది నిద్దర్ల అదే మాట కలవరిస్తున్నది. మొన్న ఊ అనబోయింది. నేనే నోరు మూసిన. ఎన్నిసార్లని మూసేది?" అంది. "నువ్వు మొదలువెట్టినవ్. నువ్వే తెంపు."

అప్పుడే మొదటి చినుకు పడింది.

శ్యామల ఏమందో వినండి. అలవాటు ఎంత పాపిష్టిదో! "పొద్దు పోయింది కదక్కా... రేపు పొద్దున..." అంది.

సమ్మక్క తిట్టలేదు. ఊరికే చూసింది. ఆ చూపు ముందు శ్యామల మిగతా మాట మింగేసి, సంచి ఆమె చేతికిచ్చి లేచింది. భయం లేక కాదు. ఈ కథ తెగకపోతే ఆ చిన్నదాని బతుకూ, తన బతుకూ రెండూ ఇక్కడే ఆగిపోతాయని తెలిసింది. ఒక్కతే ఆ ఇంటివైపు దిగింది.

"ఊ తప్ప ఇంకో మాట అనకు" వెనక నుంచి జంపయ్య చెప్పాడు. "అయిపోయిందని అమ్మ నోటితోటి అనేదాంక లేవకు."

ఇంట్లో చీకటి. బయట ఇంకా వెలుతురుంది గానీ, గడపలోపలికి అది రాలేదు. తడిసిన గడ్డి వాసన, ఎప్పటివో పొగవాసనలు, వాటి అడుగున గోదావరి ఒండ్రు వాసన. శ్యామల గోడకు ఆనుకొని కూర్చుంది. వాన కప్పు మీద పరుచుకుంది.

మూలలోంచి గొంతు వచ్చింది. నాగక్క గొంతే. అరిగిపోయి ఉంది.

"చెల్లె ఒడ్డున నిలవడ్డది."

ఆగింది. ఆ ఆగడంలో ఒక ఏడాది ఎదురుచూపు ఉంది. శ్యామల పెదవులు తడుపుకొంది.

"ఊ" అంది.

చీకట్లో ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలారు. నెత్తి మీది కట్టెలమోపు దించుకున్న మనిషి వదిలే ఊపిరిలా ఉంది అది.

"అన్న పడవల అవతలికి పోయిండు."

"ఊ."

"రేపొస్త, నిన్ను దాటిస్త అన్నడు."

శ్యామలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఊ."

"రేపు రాలే."

"ఊ..."

"ఎల్లుండి రాలే."

"ఊ."

"గోదారి చెల్లె పాదాల కాడికొచ్చింది."

"ఊ" అంటుండగానే అరికాళ్లకు చల్లగా తగిలింది. వాన నీళ్లు గడప దాటి వచ్చాయేమో అనుకుంది. కాళ్లు ముడుచుకుంది.

"మోకాళ్ల కాడికొచ్చింది."

చుడీదార్ బరువెక్కింది. చేత్తో తడిమింది. నీళ్లు. కదులుతున్న నీళ్లు... గొంతు ఇప్పుడు మూలలో లేదు. నడిమి గుంజ దగ్గరికి వచ్చింది.

"ఊ."

"నడుము కాడికొచ్చింది."

"ఊ..."

"చెల్లె అరిచింది. ఎవరూ పలకలే."

"ఊ."

గొంతు ఇంకా దగ్గరికి జరిగింది. చెవి పక్కన. మెడ మీద ఊపిరి. చల్లటి ఊపిరి. ఒండ్రు వాసన.

"మెడ కాడికొచ్చింది."

శ్యామల గడ్డం పైకెత్తింది. పైన ఇంకెంతో లేదు. నీళ్లు చెవుల్లోకి వస్తున్నాయి. ఒక్క మాట అంటే చాలు, ఇదంతా ఆగిపోతుంది. ఆ మాట ఆమెకు తెలుసు. ఆరేళ్లుగా రోజూ అంటున్న మాటే. రేపు... మిగతాది రేపు... నాలుక చివరికి వచ్చేసింది. ఎంత తేలిక! ఒక్కసారి అంటే లేచి పోవచ్చు. గుట్టెక్కొచ్చు. బస్సెక్కొచ్చు.

అనలేదు. కళ్లు గట్టిగా మూసుకుంది. సారు కళ్లజోడు తీసి పక్కన పెట్టడం కనబడింది. సమ్మక్క చూపు కనబడింది. నీళ్లు నోట్లోకి వస్తుంటే, వాటితో పాటే ఆ మాటనూ మింగేసింది.

"ఊ" అంది.

అప్పుడు నాగక్క ముగింపు చెప్పింది. నిమ్మళంగా, చెవిలో, బిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు చెప్పింది. ఎంత చక్కని ముగింపది! శ్యామల వింటూ వింటూ వెక్కివెక్కి ఏడ్చింది. ఈ కథ ఇంకో విధంగా ముగియడానికి వీల్లేదు అనిపించింది.

"అయిపోయింది బిడ్డా."

"ఊ."

నీళ్లు లేవు. చేత్తో తడిమితే నేల పొడిగా ఉంది. బట్టలు పొడిగా ఉన్నాయి. చెవి పక్కన ఎవరూ లేరు.

శ్యామల గడప దాటి వెలుతురులోకి వచ్చింది. వాన పలచబడింది. అమ్మయ్య! జన్మలో మొదటిసారి ఒక పని చివరిదాకా చేసింది. రాత్రికే రాయడం మొదలుపెట్టాలి, బస్సులోనే మొదలుపెట్టాలి, నెలాఖరుదాకా ఎందుకు, వారంలో ఇచ్చెయ్యాలి. ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే గుట్ట మీదికి పరుగెత్తింది.

"అయిపోయింది జంపన్నా! అవ్వ దించేసింది! అంతా చెప్పింది!"

గుట్ట మీద అందరూ నిలబడి ఉన్నారు. ఆమె దగ్గరికి వస్తుంటే వెనక్కి జరిగారు. సమ్మక్క కూతుర్ని కొంగు చాటుకు లాక్కుంది.

"ఎందుకట్ల చూస్తున్నరు? మీకు వినబడలేదా?"

"వినబడ్డది" అన్నాడు జంపయ్య.

"మరి?"

"అమ్మ గొంతు కాదు." అతను గుసగుసగా అన్నాడు. "నువ్వు లోపలికి పోయినప్పటి సంది నీ గొంతే. చెల్లె నిలవడ్డది, గోదారి వచ్చింది... అంత నువ్వే చెప్పినవ్."

"నేనా? నేను ఊ అన్నాను, అంతే!"

"ఊ అన్నది నువ్వు గాదమ్మా."

"మరెవరు?"

"ఎవరో తెల్వదు" అంది సమ్మక్క. "ఒక్కరు గాదు. మస్తుమంది. ఇల్లు నిండ."

శ్యామల అడ్డంగా తల ఊపింది. "లేదు లేదు. నేను ముగింపు విన్నాను. చెప్తా చూడండి. చెల్లె ఒడ్డున నిలబడింది. నీళ్లు మెడదాకా వచ్చినయ్. అప్పుడు..."

ఆగింది.

"అప్పుడు..."

ఏడ్చింది గుర్తుంది. చక్కగా ఉందని గుర్తుంది. చెవిలో ఆ మాటల మెత్తదనం గుర్తుంది. కానీ ఒక్క మాట లేదు. తల పట్టుకుంది. అటూ ఇటూ తిరిగింది. అలికిన గోడలా ఉంది లోపల, ఒక్క గీత కూడా లేదు. జంపయ్య చేతులు పట్టేసుకుంది.

"మీరు విన్నరు కదన్నా! నేనే చెప్పి ఉంటే మీరు వినే ఉంటరు కదా! ముగింపు ఏందన్నా? ఒక్క ముక్క చెప్పు. నీ కాళ్లు మొక్కుతా. నా బతుకు పోతదన్నా..."

జంపయ్య చేతులు విడిపించుకున్నాడు. తల ఎత్తలేదు.

"ముగింపు చెప్పలే నువ్వు. మెడదాంక చెప్పి ఆపినవ్. మిగతాది రేపు చెప్త అన్నవ్."

శ్యామల వెనక్కి తిరిగి ఆ ఇంటివైపు చూసింది.

"ఊ కొట్టినోళ్లు సరే అన్నరు. నువ్వొచ్చేదాంక ఈడనే కూసుంటమన్నరు."

వాన ఆగిపోయింది. కింద, తలుపులేని ఆ ఖాళీ ఇంట్లోంచి, ఒకదాని పక్కన ఒకటి చాపలు పరుస్తున్న చప్పుడు వస్తోంది.