దడకు కారణం విటమినేనట

కళ్లజోడుకి మరమేకు బిగించడం నాకు కొత్త కాదు. మా షాపులో చిన్నప్పటినుంచీ చేస్తున్న పనే. అలాంటిది ఆ రోజు ఆవగింజంత మరను మళ్లీ మళ్లీ కింద పడేశాను. వంగడం, వెతకడం, లేవడం, మళ్లీ పడేయడం. కౌంటర్ అవతల నిలబడ్డ అమ్మాయి జోడు లేక కళ్లు చికిలించి నన్నే చూస్తోంది.

"అద్దాలు నాకు కాదు, మీకు కావాలేమో," అంది.

"చూపు బానే ఉందండీ. వేళ్లే మాట వినడం లేదు."

"తిమ్మిర్లా?"

"మీకెలా తెలుసు?"

"గుండె దడ కూడా ఉంటుందా?"

ఉంది. ఆమె అడిగాక ఇంకాస్త ఎక్కువైంది. మనసులో మాట ఇలా చదివేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. గంగిరెద్దులా తలూపాను.

"వీధి చివర క్లినిక్‌లో నర్సుని. రేపు పొద్దున వచ్చి పరీక్షకి రక్తం ఇవ్వండి," అని జోడు పెట్టుకుని, చేతిలో ఫైలు నెత్తికి అడ్డం పెట్టుకుని వానలోకి వెళ్లిపోయింది. గొడుగు ఇస్తానని చెప్పాలన్న ఆలోచన నాకు ఆమె మలుపు తిరిగాక వచ్చింది.

ఇంటికెళ్లగానే అక్కకి చెప్పేశాను.

"అక్కా, నేను ప్రేమలో పడ్డాను. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. గుండె దడ. ఏది ఎక్కడ పెట్టానో గుర్తుండటం లేదు."

"ఎప్పట్నుంచిరా?"

"రెండు నెలల్నుంచి."

"ఆ అమ్మాయిని ఎప్పుడు చూశావు?"

"ఇవాళే."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ముందు రక్తం ఇచ్చి రా. ప్రేమ సంగతి తర్వాత చూద్దాం."

ఆ క్లినిక్‌కి వచ్చే ముసలీముతకా అందరూ ఆమెను సిస్టర్ అనే పిలుస్తారు. నాకు మాత్రం ఆ మాట గొంతు దాటి రాలేదు. "ఏవండీ" అన్నాను. ఆమె నవ్వు ఆపుకుంటూ సూది గుచ్చింది. నొప్పెట్టిందో లేదో కూడా తెలియలేదు.

మర్నాడు రిపోర్టు చేతికొచ్చింది. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. అంతా అయోమయం. డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి ఆ నర్సునే పట్టుకున్నాను.

"ఎర్రకణాల సైజు ఎక్కువుందటండీ. ఎక్కువంటే మంచిదేగా?"

"ఇవి పరీక్షలో మార్కులు కావు. బి-ట్వెల్వ్ చాలక కణాలు పెద్దవైపోయాయి. పెద్దవే గానీ పనికి రావు. ఇదిగో, బి-ట్వెల్వ్ రెండొందల పైన ఉండాలి, మీకు తొంభై ఆరు. విటమిన్ డి కూడా తక్కువే. అసలు మీరు తింటారా?"

"టీ తాగుతానండీ."

"అదేగా మరి. తిమ్మిర్లు, దడ, మతిమరుపు, నీరసం, అన్నీ దీనివల్లే. ఇంజక్షన్లు మొదట రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికొకటి. డి మాత్ర వారానికి ఒక్కటే. తొందరగా తగ్గాలని రోజూ మింగేయకండి. పాలు, గుడ్లు తీసుకోండి."

ఆమె చెప్పినవాటిలో నాకు ఒక్కటే చెవికెక్కింది.

"దడ కూడా దీనివల్లేనా?"

"దడ కూడా."

"మొత్తం దడా?"

ఆమె తలెత్తింది. "ఎందుకలా అడుగుతున్నారు?"

అక్కడే నోరు జారాను.

"ఏం లేదండీ. మీ మీద ప్రేమేమో అనుకున్నాను. విటమినట."

ఆమె ముఖంలో ఉన్న నవ్వు కాస్తా పోయింది. రిపోర్టు మడిచి నా చేతిలో పెట్టింది. "చొక్కా చెయ్యి పైకి మడవండి," అంది. ఆ రోజు సూది నొప్పెట్టింది, బాగా నొప్పెట్టింది.

ఆ తర్వాత ఆమె నాతో మందుల మాట తప్ప మరో మాట మాట్లాడలేదు. నా ఒళ్లు మాత్రం కుదుటపడుతూ వచ్చింది. వేళ్లు దారికొచ్చాయి. తాళాలు పెట్టినచోటే దొరుకుతున్నాయి. ఆమె ఎదురుగా కూర్చున్నా గుండె మర్యాదగా కొట్టుకుంటోంది. బాగుపడుతున్నందుకు ఏడ్చినవాడిని ఎక్కడైనా చూశారా? నేనే.

ఓ వారం ఆమె సెలవు పెట్టింది. ఆమె బదులు వేరే నర్సు ఉంది. ఇంజక్షన్ వేయించుకోకుండానే ఇంటికొచ్చేశాను.

"ఎందుకు మానేశావురా?" అంది అక్క.

"ఆవిడైతే నొప్పి లేకుండా వేస్తుందక్కా."

"ఆవిడ వేస్తేనే నొప్పెట్టిందని మొన్న మూలిగావుగా."

కంచం ముందు కూర్చున్నానే గానీ ముద్ద దిగలేదు. దడ పోయింది కాబట్టి ప్రేమ కూడా పోయి ఉండాలి. మరి ఈ బెంగ ఏమిటి? చివరి ఇంజక్షన్ అయిపోతే ఆ క్లినిక్ గుమ్మం ఎక్కడానికి నాకు వంకే ఉండదు. ఆ మాట తలచుకుంటేనే దిగులేసింది.

చివరి ఇంజక్షన్ రోజు రానే వచ్చింది. అంతకుముందు తీసిన రక్తం రిపోర్టు కూడా ఆమె దగ్గరే ఉంది.

"అన్నీ నార్మల్. ఇంక మీరు రానక్కర్లేదు. అప్పుడప్పుడు మాత్ర వేసుకుంటే చాలు," అంది, నా వైపు చూడకుండా.

"దడ లేదండీ. మిమ్మల్ని చూసినా లేదు."

"సంతోషం."

"నాకు సంతోషంగా లేదు. ఆ రోజు నేనన్న మాట తప్పు. దడ పోయింది గానీ మీరు నా మనసులోంచి పోలేదు. షాపు తలుపు చప్పుడైతే మీరేమోనని చూస్తున్నాను. అన్నం తింటుంటే మీరు తిన్నారో లేదో అనుకుంటున్నాను. ఇది ఏది తక్కువైతే వస్తుందో నాకు తెలియడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి."

ఆమె దూదిని వేళ్ల మధ్య నలిపింది.

"నాకు కూడా దడగా ఉంటోంది," అంది. "మీ పేరు పిలిచే ముందు. మీరు వెళ్లాక కూడా కాసేపు. చదువుకున్నదాన్ని కదా, ముందు రక్తం చూసుకోవాలనిపించింది. పోయిన వారం సెలవు పెట్టి వేరే ల్యాబులో ఇచ్చి వచ్చాను. బి-ట్వెల్వ్, ఐరన్, థైరాయిడ్, అన్నీ చేయించాను."

నాకు కంగారు పుట్టింది. "ఏమొచ్చింది?"

"అన్నీ బాగున్నాయి. ఒక్కటి కూడా తక్కువ లేదు."

ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పింది.

"మంచిదేగా," అన్నాను.

ఆమె జోడు తీసి నా ముఖంలోకి చూసింది. "మీకు విటమిన్లు ఎక్కాయి గానీ తెలివి ఎక్కలేదండీ."

అప్పుడు అర్థమైంది. గుండె ఒక్కసారిగా అదిరింది, ఈసారి నెపం వేయడానికి ఏ విటమినూ లేదు. బయట తర్వాతి పేషెంటు "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తున్నాడు. ఆమె లేవలేదు. నేనూ లేవలేదు.